మునగాకు దూయడానికి తేలిక దారి

ఆషాఢం వచ్చిందంటే మా ఇంట్లో మునగాకు పప్పు తప్పనిసరి. చిక్కల్లా ఆ చిన్న చిన్న ఆకులు దూయడంలోనే. ఒక కట్టకే చాలాసేపు పడుతుంది, పైగా సన్నని పుల్లలు కూరలో పడి పంటికి తగులుతుంటాయి.

రాత్రి పడుకునే ముందు కట్టను కడగకుండా, పొడి కాటన్ గుడ్డలో గట్టిగా చుట్టి వంటింటి గట్టు మీద పెట్టేయండి. ఫ్రిజ్‌లో వద్దు. పొద్దున విప్పి రెమ్మలు పట్టుకుని దులిపితే ఆకులు చాలావరకు వాటంతటవే రాలిపోతాయి. మిగిలినవి ఒకటీ అరా చేత్తో తీసేసి, అప్పుడు కడుక్కోవాలి.

ఇంత ఆకు చేతికొచ్చాక దాని బలం ఒంటికి పట్టేలా వండుకోవాలి కదా. మునగాకులో బీటా కెరోటిన్, అంటే ఒంట్లో విటమిన్ ఎ గా మారే పదార్థం, బాగా ఉంటుంది. అది నూనె తోడు ఉంటేనే సరిగ్గా ఒంటబడుతుంది. అందుకే నలుగురికి సరిపడే పప్పులో నాలుగు గుప్పెళ్ల ఆకు వేసి, 2 చెంచాల నూనెతో పోపు పెడతాను. ఆకులోని ఇనుము ఒంటికి పట్టడానికి నిమ్మలోని విటమిన్ సి సాయపడుతుంది, అందుకే పప్పు దించాక అరచెక్క నిమ్మకాయ పిండుతాను. పొయ్యి మీద ఉండగా పిండితే వేడికి విటమిన్ సి తగ్గిపోతుంది. తిన్న వెంటనే టీ మాత్రం తాగకండి, అందులోని టానిన్లు అనే వగరు పదార్థాలు ఇనుమును సరిగ్గా ఒంటికి పట్టనివ్వవు. ఓ గంట ఆగితే నయం.

వానకు తడిసిన కట్టయితే ఈ పద్ధతి పనికిరాదు, ఆకు నల్లబడి వాసనొస్తుంది. ముందు ఫ్యాన్ కింద బాగా ఆరబెట్టి, తర్వాతే చుట్టండి.