ఎత్తుకుంటే మరుగుతదా? ఏడాదిలోపు బిడ్డకు మనుషుల మీద నమ్మకం కుదిర్చే తీరు

"ఊకే ఎత్తుకోకు, చేతులు మరుగుతది" అనే మాట నల్లగొండ, పాలమూరు ఇండ్లల్లో బాలింత చెవిన పడని రోజుండదు. చెప్పేవాళ్లు మంచి కోరే చెబుతారు. రోజంతా బిడ్డను భుజాన వేసుకుంటే ఇంటి పని, చేను పని ఎట్లా నడుస్తాయన్న దిగులు ఆ మాట వెనక ఉంది. కానీ మొదటి ఆరు నెలల పసిబిడ్డ విషయంలో ఆ మాట తప్పు. పంతం పట్టాలంటే "నేనిట్ల ఏడిస్తే అమ్మ అట్ల చేస్తది" అని ముందే లెక్క వేసుకోగలగాలి. ఆ తెలివి అప్పటికి రాదు. ఆకలి, తడి, ఉక్క, నొప్పి, ఒంటరిగా ఉన్న భయం, అన్నింటికీ బిడ్డ దగ్గరున్నది ఆ ఏడుపొక్కటే.

అమెరికాలోని బాల్టిమోర్‌లో సిల్వియా బెల్, మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వ పరిశోధకులు 26 మంది తల్లీబిడ్డలను వాళ్ల ఇండ్లకే పోయి ఏడాది పాటు గమనించి, 1972లో ఫలితాలు అచ్చువేశారు. మొదటి నెలల్లో ఏడుపుకు వెంటనే పలికిన తల్లుల పిల్లలు ఏడాది నిండేసరికి తక్కువ ఏడ్చారు. పిలిస్తే వస్తారన్న నమ్మకం కుదిరిన బిడ్డ చూపుతో, చేయి చాపి, చిన్న శబ్దంతో పిలవడం నేర్చుకుంటుంది. గొంతు చించుకునే పని ఉండదు.

అట్లాగని ప్రతి మూలుగుకూ ఉలిక్కిపడి ఎత్తుకోనక్కర్లేదు. నిద్రలో పిల్లలు మూలుగుతారు, మెలికలు తిరుగుతారు, మొహం చిట్లిస్తారు. కొద్ది క్షణాలు ఆగి చూడండి. సర్దుకుంటే సరే. గొంతు పెరిగితే మాత్రం ఆలస్యం చేయొద్దు.

ఊరడించే వరుస

మొదట ఆకలి చూడాలి. ఏడుపు ఆకలికి చివరి గుర్తు. అంతకుముందే బిడ్డ పెదవులు చప్పరిస్తుంది, తల అటూ ఇటూ తిప్పి వెతుకుతుంది, పిడికిలి నోటికి తెచ్చుకుంటుంది. అప్పుడే పాలిస్తే పని తేలిక. గుక్కపట్టి ఏడ్చే బిడ్డ రొమ్ము సరిగా పట్టదు, కాబట్టి ముందు ఊరడించి తర్వాత పట్టించండి. మొదటి వారాల్లో రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగడం మామూలే.

తర్వాత గుడ్డ తడిసిందేమో చూడండి. ఆ తర్వాత మెడ వెనక చేయి పెట్టండి. చెమట తగిలితే బట్టలెక్కువయ్యాయని అర్థం. ఎండాకాలంలో కూడా టోపీ, సాక్సులు తొడిగి దుప్పటి చుట్టి, "ఎందుకేడుస్తుందో" అని దిష్టి తీసే ఇండ్లున్నాయి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఏడుస్తుంటే ఎద మీద నిలువుగా ఎత్తుకోండి. తల వెనక ఒక చేయి ఉంచి, బిడ్డ చెవి మీ గుండెకు ఆనేలా పట్టుకోండి. నెమ్మదిగా ఊగుతూ ఒకే సన్నటి శబ్దం, లేదంటే ఒకే జోల, ఆగకుండా అనండి. ఆ ఒక్క పద్ధతినే ఐదు నిమిషాలు సాగనివ్వాలి. ఎక్కువగా చెడేది ఇక్కడే. నిమిషంలో నలుగురి చేతులు మారి, గిలక ఊపి, ఫోను లైటు చూపి, తొట్టెల్లో వేసి మళ్లీ తీసి చేసేసరికి బిడ్డ ఇంకా బెదిరిపోతుంది.

రెండో వారం నుంచి ఏడుపు పెరుగుతూ పోయి, ఆరో వారం దగ్గర ఎక్కువై, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. చాలామంది ఆరో వారం ఏడుపును "పాలు సాలుతలేవు" అని తేల్చేసి డబ్బా పాలు మొదలుపెడతారు. రోజుకు ఆరుసార్లు, అంతకు మించి మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు సరిపోతున్నట్టే. అయితే మూడు నెలల్లోపు బిడ్డకు జ్వరంతో ఒళ్లు కాలినా, పాలు తాగడం మానేసినా, మత్తుగా పడి ఉన్నా, ఊపిరి వేగంగా తీస్తున్నా అది మామూలు ఏడుపు కథ కాదు, వెంటనే దవాఖానకు తీసుకెళ్లాలి.

రాత్రి రెండింటికి ఎంత ఊపినా ఊరుకోకపోతే ఎంత ఓపికున్న అమ్మకైనా కోపం వస్తుంది. అప్పుడు బిడ్డను వెల్లకిలా, పడిపోని చోట పడుకోబెట్టి, ఐదు నిమిషాలు బయటికొచ్చి నీళ్లు తాగండి, ఇంకొకరిని లేపండి. కోపంలో బిడ్డను పట్టి ఊపేయడం మాత్రం ఎన్నడూ చేయొద్దు. మెడ నిలవని వయసులో అట్లా ఊపితే మెదడులో రక్తం కారుతుంది, ప్రాణమే పోవచ్చు.

ఊఁ కొట్టడం

అప్పుడే పుట్టిన బిడ్డకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే కాస్త తేటగా కనిపిస్తుంది. పాలు తాగే బిడ్డకు అమ్మ మొహం ఉండేది ఇంచుమించు అంత దూరంలోనే. మొహం చూసి నవ్వడం ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలవుతుంది. అంతకుముందు నిద్రలో వచ్చే నవ్వు వేరు. రెండో నెలలో "ఊఁ", "ఆఁ" అనే శబ్దాలు వస్తాయి. మనుషులతో ముచ్చట మొదలయ్యేది ఇక్కడే.

దీనికి వేరే టైం తీయనక్కర్లేదు. నూనె పట్టే వేళ ఉండనే ఉంది. అవ్వ కాళ్లు చాపి కూర్చొని, బిడ్డను ఆ కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టుకుంటుంది. మొహానికి మొహం ఎదురుగా ఉంటుంది. బిడ్డ "ఊఁ" అనగానే రుద్దే చేతులు ఆపండి. అదే గొంతుతో "ఊఁ... ఏమంటున్నవ్ బిడ్డా?" అనండి. తర్వాత ఐదు నుంచి పది సెకన్లు మాట్లాడకుండా మొహంలోకి చూడండి. చాలామంది చేయనిది ఇదే. ఆ పది సెకన్లలో బిడ్డ కనుబొమలు ఎగరేస్తుంది, కాళ్లు తన్నుతుంది, పెదవులు గుండ్రంగా చుడుతుంది, ఆ తర్వాత గానీ శబ్దం రాదు. మనం ఆగలేక నాలుగు మాటలు గుమ్మరిస్తే బిడ్డ వంతు పోతుంది. కాసేపటికి మొహం పక్కకు తిప్పుకుంటే, ఆవలిస్తే "ఇగ చాలు" అన్నట్టు. గడ్డం పట్టి మళ్లీ ఇటు తిప్పొద్దు. కొంచెం ఊరుకుంటే తానే తిరిగి చూస్తుంది.

నూనె సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయొద్దు, స్నానం తర్వాత ఊదు పొగ పట్టొద్దు. నీళ్ల వేడిని మోచేతితో చూసుకోండి.

అమెరికా మనస్తత్వ పరిశోధకుడు ఎడ్వర్డ్ ట్రానిక్ బృందం 1978లో ఒక ప్రయోగం ప్రచురించింది. బిడ్డతో ఆడుతున్న తల్లి ఉన్నట్టుండి కొద్ది నిమిషాలు మొహంలో ఏ కదలికా లేకుండా కూర్చుంటుంది. నెలల పిల్లలు ముందు నవ్వి పిలిచారు, అది పారక చివరికి మొహం తిప్పుకుని ముడుచుకుపోయారు. ఫోనులో మునిగిపోయిన మొహం కూడా బిడ్డకు అట్లాగే కనిపిస్తుంది. ఎప్పుడో ఒకసారి అట్లా జరిగితే కొంప మునగదు. మళ్లీ తిరిగి చూసి పలికితే బిడ్డ కోలుకుంటుంది.

నెలలు నిండక పుట్టిన బిడ్డకు, 2.5 కిలోల కంటే తక్కువ బరువున్న బిడ్డకు ఒంటికి ఒళ్లు ఆనించే కంగారూ పద్ధతి మందుతో సమానం. 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైంది. రోజుకు 8 నుంచి 24 గంటలు, ఎంత ఎక్కువైతే అంత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. బిడ్డకు టోపీ, సాక్సులు, లంగోటీ మాత్రమే ఉంచి, రెండు రొమ్ముల మధ్య నిలువుగా, తల ఒక పక్కకు తిప్పి, ముక్కూ నోరూ మూసుకుపోకుండా నూలు చీరతో కట్టుకోవాలి. తండ్రి కూడా కట్టుకోవచ్చు.

నాయినను చూసి ఏడిస్తే

మొదటి కాన్పు తల్లిగారింట్లో, నాయిన హైదరాబాద్‌లోనో ముంబైలోనో పనిమీద ఉండటం పాలమూరులో మామూలే. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య బిడ్డకు కొత్త మొహాలంటే భయం పుడుతుంది. తెలిసినవాళ్లెవరో, కానివాళ్లెవరో పోల్చుకునే తెలివి వచ్చినందుకే ఆ భయం. అదే నెలల్లో నాయిన ఊరికి వచ్చి చేతులు చాపితే బిడ్డ కేరుమంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు, ఆయన మనసు చివుక్కుమంటుంది.

లాక్కుని ఎత్తుకోవద్దు. బిడ్డను అమ్మ ఒడిలోనే ఉంచి నాయిన కాస్త దూరంలో కింద కూర్చోవాలి. బిడ్డ వైపు సూటిగా చూడకుండా ముందు భార్యతో మాట్లాడాలి. బిడ్డ అమ్మ మొహం చూస్తుంది, అమ్మ నిమ్మళంగా నవ్వుతుంటే "ఈయన మనవాడే" అని తెలుసుకుంటుంది. ఒక గిన్నె, చెంచా మధ్యలో పెట్టి నాయిన మెల్లగా చప్పుడు చేస్తుండాలి. బిడ్డ తానుగా చేయి చాపేదాకా, అరగంటైనా సరే, ఓపిక పట్టాలి. ఉన్నన్ని రోజులూ స్నానమో, రాత్రి తొట్టెల ఊపడమో ఒక పని పూర్తిగా ఆయనదే కావాలి. దూరాన ఉన్నప్పుడు రోజూ ఒకే వేళకు వీడియో కాల్‌లో ఒకే పిలుపుతో ఐదు నిమిషాలు పలకరించండి. రెండేళ్లలోపు పిల్లలకు వీడియో కాల్ తప్ప ఇంకే తెరా వద్దని పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021లోనే చెప్పింది.

పత్తి ఏరబోయే అమ్మ

బిడ్డకు తోడు ఒక్కరే కావాలన్న రూలు లేదు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 60 మంది పిల్లలను గమనించి 1964లో ప్రచురించిన షాఫర్, ఎమర్సన్‌ల అధ్యయనంలో ఏడాదిన్నర నాటికి చాలామంది పిల్లలకు ఒకరికంటే ఎక్కువమంది మీద మమకారం కుదిరింది. ఎక్కువ గంటలు దగ్గరున్నవారి కంటే పిలిస్తే పలికినవారితోనే అది గట్టిగా ఉంది. కాబట్టి నాయనమ్మ దగ్గర వదిలి పనికి పోతే పాపం చేసినట్టు కాదు. వదిలే తీరు ముఖ్యం.

పని మొదలుకు రెండు వారాల ముందే అలవాటు చేయండి. మొదటి నాలుగైదు రోజులు అమ్మ పక్కనే కూర్చోవాలి, ఎత్తుకోవడం, ఆడించడం నాయనమ్మ చేయాలి. తర్వాత అమ్మ పావుగంట వాకిట్లోకి, ఆపైన గంట, ఆపైన పూటంతా. చూసుకునే మనిషి రోజుకొకరు మారొద్దు. పొద్దున పోయేటప్పుడు ఒకే మాట, ఒకే ముద్దు, "పొద్దూకినంక వస్త" అని చెప్పి వెళ్లండి. బిడ్డ ఏడుస్తుంది, ఏడ్వనీయండి, నాయనమ్మ ఎత్తుకుంటుంది. చాటుగా జారుకుంటే ఆ పూట ఏడుపు తప్పుతుంది గానీ, అమ్మ ఎప్పుడు మాయమవుతుందో తెలియని బిడ్డ మరునాటి నుంచి కొంగు వదలదు. "ఏడిస్తే బూచోడొస్తడు" అని బెదిరించడం ఇంకా చేటు. అమ్మ లేని పూటకు భయం కూడా తోడవుతుంది.

అమ్మ పాత చీర నాయనమ్మ భుజాన వేసుకుంటే ఆ వాసన బిడ్డకు ఊరట. పడుకున్న బిడ్డ పక్కన మాత్రం వదులు గుడ్డ వదలొద్దు, మొహం మీద పడి ఊపిరాడదు. చేను నుంచి వచ్చాక పురుగుమందు అంటిన జాకెట్టు, చీర మార్చుకుని, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఎత్తుకోండి. ఒక్కోరోజు బిడ్డ అమ్మను చూసి మొహం తిప్పుకుంటుంది, లేదంటే అప్పటిదాకా లేని ఏడుపు మొదలుపెడుతుంది. మరిచిపోలేదు, రోజంతా దాచుకున్నది నమ్మిన మనిషి దగ్గర బయటపెడుతుంది. "నన్ను కానట్టే ఉంటున్నవ్" అని దెప్పకుండా కింద కూర్చొని పాలివ్వండి.

బతుకుదెరువుకు నెలల తరబడి దూరం పోక తప్పనివాళ్లున్నారు. వీలుంటే ఏడు నుంచి పద్దెనిమిది నెలల మధ్య విడదీయకండి, ఎడబాటు ఎక్కువ బాధించే కాలమది. తప్పకపోతే పోయే ముందు అవ్వ ఇంట్లో అమ్మ రెండు వారాలు కలిసి ఉండి, అదే తొట్టెల, అదే గిన్నె, అదే జోల అక్కడ కుదిరాకే బయలుదేరండి.

అమ్మ మనసు, బిడ్డ గుర్తులు

కాన్పైన కొద్ది రోజులకే ఊరకే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో పోతుంది. పోకుండా బిడ్డ మీద ఏ ఇష్టమూ కలగకపోయినా, నిద్ర పట్టకపోయినా, చావాలనిపించినా అది జబ్బు, తల్లి తప్పు కాదు. మనసు బాధలకు సర్కారు నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. దవాఖానలో కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికి వస్తుంది. బిడ్డ బరువుతో పాటు మీ మనసు సంగతీ ఆమెకు చెప్పండి.

మూడు నెలలు నిండినా మొహం చూసి నవ్వకపోతే, తొమ్మిది నెలలకు పేరు పిలిస్తే తిరగకపోతే, ఏడాదికి ఏదీ వేలితో చూపకపోతే, వచ్చిన మాటలు, ఆటలు పోతే అంగన్‌వాడీలో గానీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ చూపించండి. పెంపకంలోనే తప్పుందని ముందే అనుకోకుండా చెవులు, కళ్లు మొదట పరీక్ష చేయించాలి. ఇంట్లో బిడ్డ ఆడుకుంటుండగా రెండు నిమిషాల వీడియో తీసి తీసుకెళ్లండి. కొత్తచోట బెదిరిపోయే బిడ్డ గురించి డాక్టరుకు దాంతోనే ఎక్కువ తెలుస్తుంది.