చదరంగంలో 21 ఎత్తుల మేట్ పజిల్‌ని ఎలా విప్పాలి?

ఒంగోలులో పినాకిని ఎక్కి నెల్లూరులో దిగేలోపు తేల్చేద్దామని ఒక 21 ఎత్తుల మేట్ (తెల్లవాడు 21 ఎత్తుల్లో నల్లరాజుకి తప్పించుకోలేని చెక్ పెట్టాల్సిన పజిల్) పట్టుకున్నాను. దిగాను, ఇంటికొచ్చి అన్నం కూడా తిన్నాను, ఆరో ఎత్తు దాటలేదు. తెల్లవాడి ఎత్తులు ఒక్కొక్కటే ముందుకు లెక్కేసుకుంటూ పోవడం నా తప్పు.

ముందు ఫోన్ పక్కన పడేసి బోర్డు మీద పావులు పేర్చండి. చూడాల్సింది నల్లవాడిని. ఇలాంటి పజిళ్ళలో చాలావాటిలో నల్లరాజు మూలన ఇరుక్కుని, మిగతా పావులు బిగుసుకుపోయి, ఒకటో రెండో బంట్లు మాత్రం కదులుతుంటాయి. వాటికి ఎన్ని అడుగులు మిగిలాయో కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే అవి అయిపోయాక వాడు కదపకూడని పావు కదపక తప్పదు.

తర్వాత తెల్లవాడి చుట్టు వెతకండి. చెక్కులిస్తూ తిరిగి మళ్ళీ అదే స్థితికి రావాలి, కానీ ఈసారి ఎత్తు నల్లవాడి వంతు కావాలి. అలా ఒక్కో చుట్టుకి వాడి బంటు ఒక అడుగు ఖర్చవుతుంది. నా పజిల్‌లో చుట్టుకి 6 ఎత్తులు, బంటుకి 3 అడుగులు, అంటే 18. చివర మేట్‌కి ఇంకో 3. హంగేరీ ఇంజినీరు ఒట్టో బ్లాతీ 290 ఎత్తుల మేట్ కూడా కూర్చాడు. కరెంటు పోయినప్పుడల్లా మనం తిట్టుకునే ట్రాన్స్‌ఫార్మర్‌ని 1885లో పనికొచ్చేలా తయారుచేసిన ముగ్గురిలో ఆయనొకడు!

ఇప్పుడు కంప్యూటర్. స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజిన్ (ఎత్తులు లెక్కేసే ప్రోగ్రాం) ఉచితమే, హ్యాష్ మెమరీ (అది లెక్కేసినవి గుర్తుపెట్టుకునే చోటు) పెంచి పెట్టుకోండి. వేగం కోసం ఇది 'ఈ వైపువాడు ఒక ఎత్తు వదిలేస్తే ఏమవుతుంది' అని చూసి, చాలా దారుల్ని మధ్యలోనే కొట్టేస్తుంది. మన పజిల్‌లో నల్లవాడికి కావాల్సిందే ఎత్తు వదిలేయడం కదా, అందుకే జాగ్రత్తలు పెట్టినా ఇక్కడ తడబడుతుంది. దీనికి మందు వెనక నుంచి రావడం: బంటుకి ఒక్క అడుగే మిగిలిన స్థితి ఇవ్వండి, మేట్ చూపించాక రెండడుగుల స్థితికి, ఆపైన మూడుకి వెళ్ళండి. దొరికింది హ్యాష్‌లో ఉంటుంది కాబట్టి పని తేలికవుతుంది. మొదట 27లో మేట్ అంటే ఆపేయకండి, కాసేపు వదిలేస్తే అంకె తగ్గొచ్చు.

రాజులతో కలిపి 7 పావులే ఉంటే సిజిజీ టేబుల్‌బేస్ (తక్కువ పావుల స్థితులన్నిటికీ ముందే లెక్కకట్టి పెట్టిన పట్టిక) గెలుపో కాదో ఖాయంగా చెబుతుంది. కానీ అందులో కనిపించే అంకె మేట్‌కి కాదు, పావు కొట్టడానికో బంటు కదలడానికో ఉన్న దూరం. దాన్ని మీ 21తో సరిపోల్చుకుని టెన్షన్ పడొద్దు.

చివరగా మీ జవాబుని ఇంజిన్ మీద ఆడండి, నల్లవాడి తరఫున దాన్నే ఆడనివ్వండి. కదలదనుకున్న గుర్రంతో రెండో చుట్టులోనే నా ఏనుగుని కొట్టేసింది.