రోమన్ శిథిలాల ఎచింగ్: అచ్చు చెడితే సమస్య - పరిష్కారం

ఎచింగ్ అంటే లోహపు ప్లేటు మీద గీసిన గీతల్ని ద్రవంతో తినిపించి, వాటిలో ఇంకు నింపి కాగితం మీద అచ్చు తీయడం. కింది లెక్కలు రాగి ప్లేటుకు, దాన్ని తినే 40 బోమే (సాంద్రత కొలత) ఫెర్రిక్ క్లోరైడ్ ద్రవానికి. జింకుకు వర్తించవు.

సమస్య: స్తంభం గాడులు కలిసిపోయి బూడిదరంగు మచ్చ పడుతోంది.
రోమన్ ఫోరంలో (రోమ్ పాత నగర కూడలి) కాస్టర్, పోలక్స్ గుడికి మిగిలిన మూడు స్తంభాల్లాంటివి గీస్తే ఈ చిక్కు మామూలే. గుండ్రటి స్తంభం అంచుకొచ్చేసరికి గాడులు దగ్గరపడతాయి. ద్రవం లోతుకే కాదు, పక్కలకూ తింటుంది. గీతల మధ్య రాగి కరిగిపోతే వెడల్పాటి గుంట మిగులుతుంది, తుడిచేటప్పుడు అందులోని ఇంకు టార్లటాన్ (ఇంకు తుడిచే పలుచని గుడ్డ)తో వచ్చేస్తుంది. మచ్చ నడుమ బూడిదరంగు, అంచున నల్లగీత కనిపిస్తే కారణం ఇదే. ప్రెస్ బిగించి లాభం లేదు.
నీడ వైపైతే మళ్లీ గ్రౌండ్ (ద్రవం తినకుండా కాపాడే పూత) వేసి, గుంటలో సన్నని అడ్డగీతలు గీసి ఎచ్ చేయండి, ఇంకు నిలుస్తుంది. వెలుతురు వైపైతే తప్పదు: స్క్రేపర్‌తో గీకి, బర్నిషర్‌తో నునుపు చేసి, కొత్తగా గీయాలి.

సమస్య: దూరపు గోపురం, ముందున్న రాళ్లు ఒకే నలుపులో ఉన్నాయి.
ప్లేటంతా ఒకేసారి తినిపించారు. ఇటలీ ఎచింగ్ కళాకారుడు పిరనేసి (1720-1778) రోమ్ దృశ్యాల్లో ఆ లోతు దశలవారీ ఎచింగ్‌తో వచ్చిందే. 5 నిమిషాలకు ప్లేటు తీసి, కడిగి ఆరబెట్టి, ఆకాశానికీ దూరపు కట్టడాలకూ స్టాపౌట్ వార్నిష్ (అక్కడ ఇక తినకుండా ఆపే పూత) పూయండి. మొత్తం 15 నిమిషాలకు నడిమి భాగం మూయండి. ముందున్న రాళ్లను మొత్తం 40 నిమిషాల దాకా వదలండి. ద్రవం చల్లగా ఉన్నా, పాతబడినా ఈ సమయాలు పెరుగుతాయి, ముందు చిన్న రాగి ముక్క మీద చూసుకోండి. ప్లేటు నిలువుగానో బోర్లానో ఉండాలి, లేకపోతే గీతల్లో మడ్డి పేరుకుని తినడం ఆగుతుంది.

సమస్య: ఆకాశంలో నల్లచుక్కలు.
జిడ్డు మీద గ్రౌండ్ పట్టలేదు. సుద్దపొడి, కాస్త అమ్మోనియా కలిపి రుద్ది కడగండి (కిటికీలు తీసి, గ్లవుజులతో). నీళ్లు బొట్లుగా విడిపోకుండా పొరలా పరుచుకుంటేనే గ్రౌండ్ వేయండి. పడిన చుక్కల్ని బర్నిషర్‌తో అణచవచ్చు.

సమస్య: గీత లోతుగానే ఉంది, అచ్చులో తెగుతోంది.
కాగితం తడి చాలలేదు. గట్టి 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) కాగితాన్ని అరగంట నానబెట్టి, పైన నీటి మెరుపు పోయేదాకా అద్దండి.

సమస్య: రోమ్‌లోని పురాతన గుడి పాంథియాన్ మీద చెక్కిన, దాన్ని మొదట కట్టించిన అగ్రిప్పా పేరు తిరగబడింది.
ప్లేటు మీది బొమ్మ అచ్చులో ఎడమ కుడులు మారి పడుతుంది, మీరు ట్రేసింగ్ కాగితాన్ని తిప్పకుండానే ప్లేటు మీదికి దించారు. కట్టడం ఎడమ కుడులు మారినా చాలామంది గమనించరు, అక్షరాలు మాత్రం దొరికిపోతాయి. ఆ పేరున్న పట్టీ వరకు గీకి, అద్దంలో చూస్తూ మళ్లీ రాయండి.