4 జీబీ ర్యామ్ లినక్స్ పీసీలో స్వాప్ నత్తనడకకు మందు

విజయనగరం డీటీపీ షాపులో పాత లినక్స్ పీసీ బ్రౌజర్ తెరవగానే మొరాయిస్తుంటే, అనుమానించాల్సింది స్వాప్‌ని, అంటే ర్యామ్ చాలనప్పుడు సరుకు దాచే డిస్కు చోటుని. టెర్మినల్‌లో ‘వీఎంస్టాట్ 1’ కొట్టి ఎస్ఐ (స్వాప్ నుంచి ర్యామ్‌కి వచ్చేది), ఎస్ఓ (ర్యామ్ నుంచి స్వాప్‌కి పోయేది) కాలమ్స్ చూడండి. మొదటి వరుస బూట్ నుంచి లెక్కేసిన సగటు, వదిలేయండి. తర్వాతి అంకెలు సున్నాకి దిగకపోతే కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) పేజీలను, అంటే మెమరీ ముక్కలను, డిస్కుకీ ర్యామ్‌కీ మోస్తూనే ఉందన్నమాట.

పేజీలను ర్యామ్‌లోనే కుదించి దాచే జెడ్‌ర్యామ్ పెట్టండి: సైజు 2 జీబీ, ప్రయారిటీ (ఏ స్వాప్‌ని ముందు వాడాలో చెప్పే అంకె) 100. దాని సెట్టింగుల్లో ముందు కుదించే పద్ధతిగా ఎల్‌జెడ్4 రాసి, తర్వాతే సైజు రాయాలి. తిరగేస్తే కెర్నెల్ ఒప్పుకోదు. స్వాప్‌కి వెళ్లే పేజీలను కుదించే మరో కెర్నెల్ సదుపాయం జెడ్‌స్వాప్‌ని ఆపేయండి, లేదంటే జెడ్‌ర్యామ్‌కి చేరకుండా పేజీలను మధ్యలోనే పట్టేస్తుంది.

కెర్నెల్ స్వాప్ వైపు ఎంత మొగ్గాలో చెప్పే స్వాపినెస్ మామూలుగా 60. కెర్నెల్ 5.8 నుంచి 200 దాకా పెట్టొచ్చు, 150తో మొదలెట్టండి. స్వాప్ నుంచి ఒకేసారి ఎన్ని పేజీలు తేవాలో చెప్పే పేజ్‌క్లస్టర్ 3 ఉంటే ఒక్క పేజీ అడిగితే ఎనిమిది తెస్తుంది. తిరిగే డిస్కుకి అది లాభమే, జెడ్‌ర్యామ్‌కి శుద్ధ దండగ. 0 చేయండి.

డిస్కు స్వాప్‌ని మాత్రం తీసేయకండి, తక్కువ ప్రయారిటీతో ఉంచండి.