హార్డ్ డిస్క్ మొరాయిస్తోందా? ముందు కాపీ, తర్వాతే రిపేరు

హార్డ్ డిస్క్ చెప్పాపెట్టకుండా పోయిందంటారు గానీ, చాలాసార్లు అది ముందే చెబుతుంది, "పాత కంప్యూటర్ కదా, స్లోగానే ఉంటుందిలే" అని మనమే పట్టించుకోం. ఈ మధ్య ఆన్ అవడానికి మరీ ఎక్కువసేపు పడుతోందా? ఏదో ఒక ఫోల్డర్ తెరవగానే మౌస్ బాణం తప్ప అన్నీ బిగుసుకుపోతున్నాయా? అయితే వెంటనే రిపేరుకు దిగకండి. ముఖ్యంగా విండోస్‌లో డిస్క్‌ని తనిఖీ చేసే చెక్‌డిస్క్ నడపకండి. బ్యాడ్ సెక్టార్లు వెతికే /r ఆప్షన్‌తో నడిపితే అది డిస్క్ మొత్తాన్ని సెక్టార్ సెక్టార్‌గా (సెక్టార్ అంటే డేటా ఉండే చిన్న గడి) చదివిస్తుంది, అసలే కొనఊపిరితో ఉన్న డిస్క్ ఆ పనికే పోవచ్చు.

సమస్య: స్లో అవుతోంది, హ్యాంగ్ అవుతోంది, వింత శబ్దమేమీ లేదు

దీనికి ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి బ్యాడ్ సెక్టార్లు: చదవలేని చోట డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉంటుంది, అంతసేపూ కంప్యూటర్ ఎదురుచూస్తూ ఉంటుంది. రెండోది కేబుల్. ఏదో తేల్చుకోవడానికి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లో స్మార్ట్ వివరాలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) తెరిచి నాలుగు వరుసలు చూడండి. 05 అంటే పాడైన సెక్టార్ల బదులు డిస్క్ ఇప్పటికే స్పేర్ వాటిని వాడుకుంది. సి5 అంటే చదవలేక పెండింగ్‌లో పెట్టినవి, సి6 అంటే పరీక్షలో కూడా చదవలేకపోయినవి. సి7 అంటే డిస్క్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య దారిలో డేటా చెడిపోవడం.

05లో చిన్న అంకె ఉండి నెలల తరబడి కదలకపోతే కొంతకాలం నెట్టుకురావచ్చు. సి5 పెరుగుతూ పోతుంటే మాత్రం కాపీ ఈరోజే చేయాలి, పైన 'గుడ్' అని చూపించినా సరే.

మిగతా మూడూ సున్నా ఉండి సి7 ఒక్కటే పెరుగుతుంటే డిస్క్‌ని తిట్టకండి. నాకు ఒకసారి ఇదే జరిగింది, కొత్త డిస్క్ కొనేద్దామనుకున్నాను కూడా. పక్క మూత తీసి చూస్తే, ఆ మూత నొక్కుకుని డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే ఎర్రటి సాటా కేబుల్ కనెక్టర్ దగ్గరే మడతపడి ఉంది. కేబుల్ మార్చాక హ్యాంగ్ అవడం ఆగిపోయింది. ఆ అంకె మాత్రం తిరిగి సున్నా కాదు, పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి.

సమస్య: టక్... టక్... శబ్దం

డిస్క్‌లో డేటా చదివే హెడ్ తన చోటు వెతుక్కోలేక కొట్టుకుంటోంది. వెంటనే ఆపేయండి. కంప్యూటర్‌కి కరెంటు అందించే పాత ఎస్‌ఎంపీఎస్ బలం చాలక కూడా డిస్క్ తిరగడం మొదలుపెట్టి ఆగిపోతూ ఉండొచ్చు కాబట్టి, డేటా అంత ముఖ్యం కాకపోతే ఒక్కసారి వేరే కంప్యూటర్‌లో పెట్టి చూడొచ్చు. ముఖ్యమైన డేటా ఉంటే ఆ ప్రయోగం కూడా వద్దు, నేరుగా డేటా రికవరీ వాళ్లకే ఇవ్వండి. ఫ్రీజర్‌లో పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, లోపల తేమ చేరుతుంది. మూత విప్పడం అంతకన్నా ప్రమాదం. హెడ్‌కీ డేటా ఉండే పళ్లేనికీ మధ్య ఖాళీ నానోమీటర్లలో ఉంటుంది, ఒక దుమ్ము రేణువు చాలు.

సమస్య: బయోస్‌లో (విండోస్‌కి ముందు వచ్చే సెటప్ తెరలో) డిస్క్ కనిపించడం లేదు, లేదా విండోస్ నీలం తెర వస్తోంది

ఆన్ చేసి డిస్క్ మీద వేలు ఆనించండి. సన్నగా వణుకు తెలిస్తే తిరుగుతున్నట్టే, డేటా కేబుల్, పోర్టు మార్చి చూడండి. సాటాకి ముందునాటి ఐడీఈ డిస్క్ అయితే మాస్టర్, స్లేవ్ జంపర్ (ఏది మొదటి డిస్కో, ఏది రెండోదో చెప్పే వెనకవైపు చిన్న తొడుగు) కూడా చూడండి. బయోస్‌లో తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీద సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టు. దాంతో బయోస్ సెట్టింగుల్లో డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, అంటే సాటా మోడ్, ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మారిపోయి విండోస్ లేవకపోవచ్చు. బ్యాటరీ మార్చి, మోడ్ పాతదానికి పెడితే సరిపోతుంది.

ఇక కాపీ విషయం

డి డ్రైవ్‌లో బ్యాకప్ ఉందని ధీమాగా ఉండకండి. చాలా పాత కంప్యూటర్లలో సి, డి రెండూ ఒకే డిస్క్ మీద గీసుకున్న భాగాలు, పోతే రెండూ పోతాయి. కాపీ బయటి డిస్క్‌లోకే జరగాలి. పెన్ డ్రైవ్ నుంచి లైనక్స్ బూట్ చేస్తే విండోస్ ఆ డిస్క్ మీద కొత్తగా ఏమీ రాయదు. ముందు మళ్లీ దొరకనివి తీసుకోండి: ఫొటోలు, పత్రాలు. ఒక ఫైల్ దగ్గర ఆగిపోతే దాన్ని వదిలి ముందుకెళ్లండి. మొత్తం డిస్క్ కావాలంటే లైనక్స్‌లో నడిచే డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రామ్ మంచిది, తేలిగ్గా చదవగలిగే భాగాలు ముందు లాగి మొండివాటిని చివరికి ఉంచుతుంది, ఎంతవరకు కాపీ అయిందో గుర్తుంచుకునే మ్యాప్ ఫైల్ పెట్టుకుంటే మధ్యలో ఆపినా అక్కడి నుంచే సాగుతుంది. ఏది పాత డిస్క్, ఏది కొత్తదో మాత్రం రెండుసార్లు సరిచూసుకోండి, తారుమారైతే ఉన్నదంతా చెరిగిపోతుంది.

కాపీ అయ్యాక కొన్ని ఫొటోలు తెరిచి చూడండి. పేరు, సైజు సరిగ్గానే ఉన్నా కింది సగం బూడిదరంగుగా వచ్చేవి ఉండొచ్చు. అలాంటిది ఒక్కటి కనిపించినా పాత డిస్క్‌ని ఫార్మాట్ చేయకుండా, పారేయకుండా పక్కన పెట్టండి.