పిల్లల ఆటస్థలంలో ఉయ్యాల, జారుడుబల్ల కింద నేలను ఎలా ఎంచుకోవాలి?

అపార్ట్‌మెంటులోనో కాలనీ పార్కులోనో పిల్లల ఆటస్థలం ఏర్పాటు చేసేటప్పుడు అసోసియేషన్ సమావేశాల్లో చర్చంతా జారుడుబల్ల ఏ రంగుది, ఉయ్యాలలు ఎన్ని అన్నదాని చుట్టూనే తిరుగుతుంది. వాటి కింద ఏం వేయాలన్నది చివర్లో, మిగిలిన డబ్బును బట్టి తేలుతుంది. ఆటస్థలాల్లో పిల్లలకు తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం పైనుంచి నేల మీద పడటం వల్ల తగిలేవే కాబట్టి, ఈ వరసను తిరగేసి, నేలకు అయ్యే ఖర్చును ముందుగా పక్కన పెట్టి, మిగిలిన దానితో పరికరాలు కొనడం మంచిది.

1. పడే ఎత్తు కొలవండి

ఏ నేల సరిపోతుందన్నది పిల్లలు ఎంత ఎత్తు నుంచి పడే అవకాశం ఉందన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది. జారుడుబల్లకైతే పైన పిల్లలు నిలబడే అరుగు ఎత్తును, ఎక్కి దిగే కమ్మీలకైతే అన్నిటికన్నా పై కమ్మీ ఎత్తును కొలవాలి. ఉయ్యాల దగ్గరే చాలామంది పొరబడతారు. కూర్చునే పీట నేలకు అడుగున్నర ఎత్తులోనే ఉంది కదా అనుకుంటారు గానీ, జోరుగా ఊగే పిల్లవాడు దాదాపు దూలం ఎత్తు దాకా వెళ్తాడు. అందుకే గొలుసు తగిలించిన చోటు నుంచి నేల దాకా ఉన్న దూరాన్నే ఉయ్యాలకు పడే ఎత్తుగా తీసుకోవాలి.

2. ఎంత మేర పరచాలో గీత గీయండి

పరికరం అంచు నుంచి అన్ని వైపులా కనీసం 6 అడుగుల మేర మెత్తని నేల ఉండాలి. ఉయ్యాలకు ముందూ వెనకా ఇది చాలదు, దూలం ఎత్తుకు రెట్టింపు కావాలి. దూలం 8 అడుగుల ఎత్తులో ఉంటే ముందుకు 16, వెనక్కి 16, మొత్తం 32 అడుగుల పొడవు అవసరమవుతుంది. సుద్దపొడితో గీత గీసి చూస్తే, చాలా అపార్ట్‌మెంట్లలో ఆ గీత ప్రహరీ గోడను తగులుతుంది. అప్పుడు ఉయ్యాల ఎత్తును తగ్గించాలే గానీ గీతను లోపలికి జరపకూడదు.

3. పనికిరానివి తీసేయండి

సిమెంటు, తారు, తాండూరు బండలు, పేవర్ టైల్స్, దిమ్మిస కొట్టిన మట్టి ఏవీ పనికిరావు. పచ్చగడ్డి మీద ఆశ పెట్టుకునేవారు ఉంటారు గానీ, ఉయ్యాల కింద పిల్లల కాళ్లు రాసుకునే చోట గడ్డి త్వరలోనే ఊడిపోతుంది, ఎండాకాలంలో ఆ మట్టి ఇటుకలా బిగుసుకుంటుంది. కృత్రిమ గడ్డిని నేరుగా సిమెంటు మీద అతికించడం మరీ మోసం. మడమతో గట్టిగా తొక్కి చూస్తే కింది గచ్చు తెలిసిపోతుంది. కింద దెబ్బను పీల్చుకునే ఫోమ్ పొర లేకపోతే అది గచ్చు మీద పరిచిన తివాచీయే.

4. పోసే పదార్థమా, పరిచే రబ్బరా?

పోసే రకాలకు అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్ ఇచ్చే లెక్కలు పనికొస్తాయి. 9 అంగుళాల మందాన ఇసుక 4 అడుగుల ఎత్తు వరకు, నున్నని గుండ్రటి చిన్న గులకరాళ్లు 5 అడుగుల వరకు, చెక్క పేళ్లు 10 అడుగుల వరకు కాపాడతాయి. తురిమిన రబ్బరు 6 అంగుళాలతోనే 10 అడుగుల వరకు సరిపోతుంది. ఇక్కడ చెప్పిన మందం అణిగిపోయిన తర్వాత మిగలాల్సింది కాబట్టి, 9 అంగుళాలు కావాలంటే మొదట 12 అంగుళాలు పోయాలి. ఈ లెక్కన 8 అడుగుల ఉయ్యాల కింద 9 అంగుళాల ఇసుక చాలదని తేలిపోతుంది.

ఇసుక అయితే నదీ ఇసుకే వాడాలి. రోబో శాండ్‌లో పలుకులు కోసుగా ఉండి, సన్నని పొడి కలిసి ఉంటుంది కనుక రెండు వానలకే గట్టిపడుతుంది. ఇల్లు కట్టడానికి పనికొచ్చే ఆ గుణమే ఇక్కడ ప్రమాదం. 4 అడుగుల జారుడుబల్ల చుట్టూ 20 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు ఉన్న స్థలంలో అడుగు మందాన పోయాలంటే 320 ఘనపుటడుగులు, అంటే సుమారు 14 టన్నుల ఇసుక పడుతుంది. కుక్కలు, పిల్లులు ఇసుకను పాడు చేస్తాయి కాబట్టి రాత్రిపూట వలో టార్పాలినో కప్పాలి. గులకరాళ్లను నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న చోట వాడకపోవడమే మేలు. చెక్క పేళ్లు వానాకాలంలో కుళ్లుతాయి, చెదలు పడతాయి. రసాయనాలు పట్టించిన పాత కలపతో చేసినవి అసలు తీసుకోకూడదు.

చక్రాల కుర్చీలో వచ్చే పిల్లలు ఉంటే, లేదా ఆటస్థలం సెల్లార్ పార్కింగ్ స్లాబ్ పైన ఉంటే, పరిచే రబ్బరు వైపే మొగ్గాలి. అడుగు మందం ఇసుక చదరపు అడుగుకు సుమారు 45 కిలోల బరువు పెడుతుంది, తడిస్తే ఇంకా ఎక్కువ. స్ట్రక్చరల్ ఇంజనీరును అడగకుండా స్లాబ్ మీద అంత బరువు వేయకూడదు.

5. రబ్బరైతే పరీక్ష పత్రం అడగండి

రబ్బరు టైల్స్ అయినా, అక్కడికక్కడే కలిపి పోసే ఈపీడీఎం (ఒక రకం కృత్రిమ రబ్బరు) పూత అయినా, అమ్మేవారు రంగుల పట్టికే ముందు చూపిస్తారు. మీరు అడగాల్సింది అమెరికా ప్రమాణమైన ఏ.ఎస్.టి.ఎం. ఎఫ్ 1292 లేదా యూరప్ ప్రమాణమైన ఈ.ఎన్. 1177 ప్రకారం చేసిన పరీక్ష పత్రం. ఈ పరీక్షలో తల ఆకారపు గుండును వేర్వేరు ఎత్తుల నుంచి జారవిడిచి, తల గాయపు తీవ్రతను సూచించే హెచ్.ఐ.సి. విలువ 1000 దాటని గరిష్ఠ ఎత్తును తేలుస్తారు. ఆ ఎత్తు మీరు మొదట కొలిచిన ఎత్తుకన్నా తక్కువ కాకూడదు. పత్రంలో ఉన్న మందం, మీకు వేస్తున్న మందం ఒకటేనా అన్నది పని జరిగే రోజున టేపుతో కొలిచి చూడాలి, ఎందుకంటే ధర తగ్గించమని గట్టిగా బేరమాడినప్పుడు తగ్గేది చాలాసార్లు ఆ మందమే.

నమూనా ముక్కను మే నెలలో మధ్యాహ్నం మూడింటికి ఎండలో ఉంచి, అరచేతి వెనక భాగంతో తాకండి. చెయ్యి పెట్టలేకపోతే పిల్లల కాలు కూడా కాలుతుంది. ముదురు రంగులు మానుకుని, వీలుంటే నీడ ఉండే చోటు చూసుకోవాలి.

6. నీరు పోయే దారి, రోజువారీ చూపు

పోసే రకం ఏదైనా అడుగున నీరు ఇంకే కంకర పొర, దానిపై నీటిని మాత్రమే వదిలే జియోటెక్స్‌టైల్ గుడ్డ, చుట్టూ కట్ట ఉండాలి. పదార్థం పోసే రోజునే ఉయ్యాల స్తంభం మీద, అణిగాక మిగలాల్సిన మందం మట్టానికి ఎర్ర పెయింటుతో గీత గీయించండి. ఉయ్యాల కింద, జారుడుబల్ల దిగే చోట పదార్థం పక్కలకు జరిగి గుంట పడుతుంది కాబట్టి, వాచ్‌మన్ రోజూ పారతో ఆ గుంటను పూడ్చాలి. గీత బయటపడి కనిపించిందంటే ఆ వారంలోనే కొత్త పదార్థం తెప్పించాలి, అంతవరకు ఉయ్యాల గొలుసును దూలానికి చుట్టి కట్టేయాలి.