ఓష్ సులైమాన్ కొండ: గుహ మ్యూజియం చూడాలంటే

కిర్గిజ్‌స్థాన్‌లోని ఓష్ నగరంలో మెడిసిన్ చదివే పిల్లల్ని చూడ్డానికి వెళ్ళిన తల్లిదండ్రులు ఆ ఊళ్ళో ఏం చూడాలని ఎవరిని అడిగినా, ఊరి నడుమ లేచి ఉన్న రాతి కొండ వైపే చెయ్యి చూపిస్తారు. కిర్గిజ్ వాళ్ళు దాన్ని సులైమాన్-తో అంటారు. వాళ్ళ భాషలో ‘తో’ అంటే కొండ. మా అమ్మాయి అక్కడే చదువుతోంది కాబట్టి నేను రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ కొండ ఎక్కాను. మొదటిసారి తప్పుగా ఎక్కాను. రెండోసారి ఎలా ఎక్కానో అదే మీకు చెప్తున్నాను.

మొదటిసారి జూలై నెల, మిట్ట మధ్యాహ్నం. గుహలో మ్యూజియం ఉందన్న మాట విని దాని కోసమే గబగబా నడిచాం. దారిలో ఎక్కడా ఆగలేదు. ఇద్దరికీ కలిపి ఒక్క నీళ్ళ సీసా. రాయి వేడెక్కిపోయింది, నీడ చాలా తక్కువ. గుహలోకి అడుగుపెట్టేసరికి నాకు కళ్ళు తిరుగుతున్నాయి. అద్దాల వెనక ఉన్న కుండపెంకులు, పూజా వస్తువులు చూస్తున్నానే గానీ ఒక్కటీ తలకెక్కలేదు. ముప్పై ఏళ్ళు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పినదాన్ని, పావుగంటలో బయటికి వచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండోసారి అక్టోబరులో వెళ్ళాను. ఏప్రిల్, మే, సెప్టెంబరు, అక్టోబరు మంచి నెలలు. చలికాలంలో మంచు పడి మెట్లు జారతాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు అప్పుడు అసలు వద్దు. పొద్దున్నే బయల్దేరండి. అడుగు పట్టు ఉన్న బూట్లు వేసుకోండి, ఎందుకంటే వందల ఏళ్ళుగా జనం నడిచి నడిచి కొన్ని రాళ్ళు గాజులా నున్నబడ్డాయి. మనిషికో లీటరు నీళ్ళు, ఆడవాళ్ళు తల మీద కప్పుకోవడానికి ఒక చున్నీ, చిల్లర సొములు (అక్కడి డబ్బు) దగ్గర పెట్టుకోండి. కొండకు టికెట్ వేరు, మ్యూజియానికి టికెట్ వేరు. గుహలో చల్లగా, తేమగా ఉంటుంది. బయట ఎండ కాస్తున్నా ఒక స్వెట్టర్ సంచీలో వెయ్యండి.

తూర్పు వైపు ద్వారం దగ్గర మొదలుపెట్టండి. అక్కడ కొండ పాదంలో ఒక పాత సమాధి మందిరం ఉంది, సులైమాన్ రాజుకు మంత్రి అని చెప్పుకునే అసఫ్ ఇబ్న్ బుర్ఖియా పేరు మీద. దగ్గర్లోనే పాత మసీదు కూడా ఉంది. రెండూ చూసి మెట్లు ఎక్కండి. ఊరి మట్టం నుంచి కొండ ఎత్తు రెండు వందల మీటర్ల లోపే. ఆగుతూ ఎక్కితే అరవై దాటిన నాకే ఇబ్బంది అనిపించలేదు. తిరుమల మెట్లు ఎక్కినవాళ్ళకు ఇది ఒక లెక్కే కాదు.

పైన మొదటి శిఖరం మీద చిన్న రాతి గది కనిపిస్తుంది. అది బాబర్ ఇల్లు. మన పాఠాల్లో 1526 పానిపట్టు దగ్గర మొదలయ్యే బాబర్ ఇక్కడ ఇంకా పిల్లాడు. 1494లో తండ్రి చనిపోతే పన్నెండో ఏట ఈ ప్రాంతానికి, అంటే ఫెర్గానాకు, రాజయ్యాడు. రెండు మూడేళ్ళ తర్వాత ఈ కొండ మీద ప్రార్థన కోసం ఒక చిన్న గది కట్టించాడు. అంటే అప్పటికి మన తొమ్మిదో తరగతి పిల్లాడి వయసు. తన కంటే ముందు వేరొక రాజు ఇంకా పైన ఒక గది కట్టించాడనీ, కానీ ఊరంతా కాళ్ళ కింద కనిపించే చోటు తనదేననీ తన ఆత్మకథలో గర్వంగా రాసుకున్నాడు. ఆ గుమ్మం దగ్గర నిలబడి కిందికి చూస్తే ఆ పిల్లాడి గర్వం ఎందుకో తెలుస్తుంది. నాకు కళ్ళు చెమర్చాయి. ఎన్ని బ్యాచ్‌ల పిల్లలకు బాబర్ గురించి చెప్పానో, ఈ చోటు గురించి ఒక్క మాటా చెప్పలేదు. ఇప్పుడున్న గది మాత్రం అప్పటిది కాదు. పాతది 1960ల్లో పోయింది, తర్వాత మళ్ళీ కట్టారు.

అక్కడ తొందరపడకండి. పక్కనే ఏటవాలుగా ఒక నున్నటి బండ ఉంది. జనం దాని మీద జారతారు. నడుం నొప్పి పోతుందని పెద్దవాళ్ళు, పిల్లలు కలగాలని ఆడవాళ్ళు. నేనూ జారాను. ముందు ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని ఎలా కూర్చోవాలో చూపించింది. ఆమెది ఉజ్బెక్ భాషో కిర్గిజ్ భాషో నాకు తెలియలేదు, ‘రహ్మత్’ అని దణ్ణం పెట్టాను. అక్కడ ఆ మాటకు కృతజ్ఞత అని అర్థం, రెండు భాషలవాళ్ళూ అంటారు. మీరు జారకపోయినా ఫర్వాలేదు గానీ, వరుసలో ఉన్నవాళ్ళను అడగకుండా ఫొటోలు తియ్యకండి. వాళ్ళు మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్ళు.

అక్కణ్ణుంచి దారి కొండ పక్కగా పడమర వైపు సాగుతుంది. ఈ నడకే అన్నిటికంటే ముఖ్యం. పొదలకు గుడ్డ పీలికలు కట్టి ఉంటాయి, మన దగ్గర చెట్టుకు ముడుపు కట్టినట్టే. చిన్న చిన్న గుహలు వస్తాయి. ఎనె-బెషిక్ అంటే తల్లి ఊయల, పిల్లలు లేనివాళ్ళు అక్కడికి వెళ్తారు. చక్కా-తమర్ అనే ఇంకో గుహలో పైనుంచి నీటి చుక్కలు రాలతాయి. తలనొప్పి తగ్గాలని తల పెట్టే రాతి గుంట వేరే ఉంది. ఈ కొండ మీద ఇలా ఇప్పటికీ మొక్కే చోట్లు పదిహేడు ఉన్నాయని యునెస్కో లెక్క. 2009లో కొండను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు, కిర్గిజ్‌స్థాన్‌లో అలా చేరిన మొదటి చోటు ఇదే. రాతి మీద చెక్కిన బొమ్మలున్న చోట్లు నూటొకటి. మనుషులు, జంతువులు, గీతల ఆకారాలు. కనిపిస్తే చేత్తో తడమకండి, సుద్దతో దిద్దకండి. పక్కనే కొందరు తమ పేర్లు గీకి పెట్టారు, చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఇదంతా చూశాక మ్యూజియంలోకి వెళ్ళండి. కొండ నోట్లో పెద్ద కమాను లాగా సోవియట్ కాలంలో కట్టిన ముఖద్వారం కనిపిస్తుంది. కొందరికి అది అందవిహీనంగా అనిపిస్తుంది, మా అమ్మాయికీ అంతే. నాకు నచ్చింది. లోపల నిజమైన గుహే, గోడలు సహజమైన రాయి, దీపాలు మసక. నిప్పును పూజించిన కాలం, ఆత్మలతో మాట్లాడతారని జనం నమ్మిన షమన్ల కాలం, ఇస్లాం వచ్చిన కాలం, అన్నిటి గుర్తులూ ఒకే గుహలో పెట్టారు. పీలికలు కట్టిన పొదను చూసి వచ్చిన కళ్ళతో ఆ పూజా వస్తువులు చూడండి, అద్దం అడ్డు లేనట్టే ఉంటుంది. మొదటిసారి నేను పోగొట్టుకున్నది ఇదే.

కుండపెంకుల దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడండి. ఈ కొండ దక్షిణపు వాలు మీదే కంచు యుగం నాటి ఊరు ఒకటి తవ్వకాల్లో బయటపడింది. రంగులు వేసిన ఆ కుండలు చుస్త్ సంస్కృతివి, అంటే ఆ కాలంలో ఈ ఫెర్గానా ప్రాంతంలో బతికిన జనానివి. 2000 సంవత్సరంలో ఓష్‌కు మూడు వేల ఏళ్ళని పండగ చేసుకోవడానికి ఆధారం ఆ ఊరే. గడ్డి కూరిన జంతువుల గది త్వరగా దాటేయొచ్చు.

అద్దాల కింద రాతలు ఎక్కువగా కిర్గిజ్, రష్యన్ భాషల్లోనే ఉంటాయి. ఫోన్‌లో అనువాదం యాప్, అందులో ఆ భాషలు హాస్టల్ వైఫైలోనే దించుకుని వెళ్ళండి, గుహలో సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. లోపలి మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకోండి, తడిగా ఉంటాయి. పై అంతస్తు వదలకండి. అక్కడ రాతిలోంచి బయటికి తెరుచుకునే చోట నిలబడితే ఊరు కాళ్ళ కింద పరుచుకుని ఉంటుంది. మా అమ్మాయి తన కాలేజీ పైకప్పు వెతికి చూపించింది. మూడేళ్ళుగా రోజూ కిటికీలోంచి ఈ కొండను చూస్తున్నా పైనుంచి తన గదిని ఎప్పుడూ చూడలేదట.

మొత్తానికి మూడు నాలుగు గంటలు పెట్టుకోండి. దిగేటప్పుడు మోకాళ్ళ మీద భారం ఎక్కువ, పక్కకు తిరిగి ఒక్కో మెట్టూ దిగండి.